మీ కూడలిలో ట్రాఫిక్ ఎందుకు ఆగుతోందో లెక్క తీయడం ఎలా: విజయవాడ వాసులకు ఒక పద్ధతి

విజయవాడలో ఏ కాలనీ సంఘం సమావేశంలోనైనా ట్రాఫిక్ ప్రస్తావన వస్తే మాట చివరకు రెండు కోరికల దగ్గర ఆగుతుంది: ఫ్లైఓవర్ వేయమనడం, పోలీసును పెట్టమనడం. ఈ రెండు కోరికలతో వెళ్లిన వినతిపత్రాలు ఏ కార్యాలయంలో చూసినా కట్టలు కట్టలుగా ఉంటాయి. వాటిలో లేనిదల్లా లెక్క. ఏ వైపు నుంచి ఏ గంటలో ఎన్ని బండ్లు వస్తున్నాయి, వాటిలో ఎన్ని ఎటు తిరుగుతున్నాయి, క్యూ ఎక్కడిదాకా పెరుగుతోంది, రోడ్డులో ఎంత వెడల్పు నిజంగా బండ్లు నడవడానికి మిగిలింది అనే సంగతులు కాగితం మీద ఉంటే, దాన్ని పక్కన పెట్టడం ఇంజినీరుకు గానీ ట్రాఫిక్ ఏసీపీకి గానీ కష్టమవుతుంది. ఆ లెక్కను పదిమంది కలిసి, పెద్ద ఖర్చేమీ లేకుండా, ఎలా తీయాలో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను.

పని మొదలుపెట్టే ముందు ఊరి అమరికను ఒకసారి మనసులో పెట్టుకోవాలి. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరే ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ నగరాన్ని పాయలుగా చీలుస్తాయి. రైలు పట్టాలు మరికొన్ని చోట్ల అడ్డం వస్తాయి. పడమట ఇంద్రకీలాద్రి, దక్షిణాన కృష్ణ. కాలువ దాటాలంటే ఏదో ఒక వంతెన మీదికే రావాలి గనుక, ఒక రోడ్డు నిండిపోతే పక్క సందులోంచి బయటపడే వీలు మన ఊళ్లో తక్కువ. బ్యారేజీ మీద భారీ వాహనాలను అనుమతించరు కాబట్టి గుంటూరు వైపు లారీలకు నగరంలో ఉన్న దారి కనకదుర్గ వారధి ఒక్కటే. ఇందుకే చెన్నై–కోల్‌కతా 16వ నంబరు జాతీయ రహదారి మీద దూరప్రాంతపు లారీతో పాటు పటమటలో పిల్లవాణ్ని బడిలో దింపే స్కూటరు కూడా ఉంటుంది. ఊరి ప్రయాణమూ దూర ప్రయాణమూ ఒకే రోడ్డు మీద పడడమే ఇక్కడి రద్దీకి మూలం. మీ లెక్క ఈ రెండింటినీ విడదీసి చూపగలిగితే సగం పని అయినట్లే.

ముందుగా హద్దులు, యజమానులు

మీరు ఎంచుకున్న కూడలిని మధ్యలో పెట్టి, ప్రతి వైపూ సుమారు 150 మీటర్ల దాకా ఒక చిత్రపటం గీయండి. ఫోనులోని ఉపగ్రహ పటం మీద దూరం కొలిచే సాధనం ఉంటుంది; రోడ్డు మధ్యలోకి వెళ్లి టేపు పట్టాల్సిన అవసరం లేదు, పట్టకూడదు కూడా. పటంలో డివైడర్ ఎక్కడ తెరిచి ఉంది, స్టాప్ లైన్ ఎక్కడ గీశారు, బస్టాపు, ఆటో స్టాండ్, తోపుడు బళ్లు, పెట్రోలు బంకు, మూత ఊడిన డ్రైను, కరెంటు స్తంభాలు అన్నీ గుర్తించండి. స్తంభాలకు వరుసగా నంబర్లు వేసుకుని వాటి మధ్య దూరం కూడా రాసుకుంటే, తర్వాత క్యూ పొడవు కొలవడానికి అవే మైలురాళ్లుగా పనికొస్తాయి.

అదే పటం మీద ఏ భాగం ఎవరి అధీనంలో ఉందో రాయండి. ఈ పనిని చాలామంది చివరికి వదిలేస్తారు, అక్కడే దెబ్బ తింటారు. 16, 65 నంబర్ల రహదారులు జాతీయ రహదారులు. ప్రధాన రోడ్డుకూ దాని సర్వీసు రోడ్డుకూ జాతీయ రహదారుల సంస్థను అడగాల్సి ఉంటుంది. లోపలి వీధులు, ఫుట్‌పాత్‌లు, డ్రైన్లు నగరపాలక సంస్థవి. కొన్ని రోడ్లు రోడ్లు–భవనాల శాఖవి. సిగ్నల్ వేళలు, డైవర్షన్లు ట్రాఫిక్ పోలీసుల చేతిలో, బస్సు ఎక్కడ ఆగాలన్నది ఆర్టీసీ చేతిలో, ఆటో పర్మిట్లు రవాణా శాఖ చేతిలో ఉంటాయి. ఒకే కూడలిలో పది అడుగుల తేడాతో యజమాని మారిపోతాడు. సర్వీసు రోడ్డు మీది గుంత గురించి నగరపాలక సంస్థకు అర్జీ పెట్టి ఆరు నెలలు ఎదురుచూసేవారు మన మధ్య తక్కువేమీ కాదు.

ఏ రోజు, ఏ వేళ

మంగళ, బుధ, గురువారాల్లో ఏదో ఒక మామూలు పనిరోజును ఎంచుకోండి. దసరా నవరాత్రులు, భవానీ దీక్షల విరమణ, హైదరాబాదు నుంచి ఊరంతా తరలివచ్చే సంక్రాంతి వారం, ముఖ్యమైన పరీక్షల రోజులు, పెద్ద నాయకుల పర్యటనలు ఉన్న రోజులు వద్దు. అప్పటి రద్దీ నిజమే కానీ దానికి మందు వేరు, ఆ రోజుల్లో పోలీసులు భారీ వాహనాలను ముందే వేరే దారుల్లోకి మళ్లిస్తారు గనుక మీ లెక్క మామూలు రోజును చూపదు. వర్షం రోజును మాత్రం కావాలనే ఒకసారి విడిగా లెక్కించండి. నీళ్లు నిలిచే చోట ఎడమ వరుస మొత్తం ఖాళీగా వదిలేసి అందరూ డివైడర్ పక్కకు చేరతారు. ఆ ఒక్క దృశ్యం ఫొటో తీసి పెడితే డ్రైను బాగుచేయమని అడగడానికి వేరే వాదన అక్కర్లేదు.

ఉదయం 8 నుంచి 11 దాకా, సాయంత్రం 5 నుంచి 8 దాకా పదిహేనేసి నిమిషాల ముక్కలుగా లెక్కించాలి. వరుసగా నాలుగు ముక్కలు కలిపితే ఏ గంట అత్యధికమో అదే మీ రద్దీ గంట. అది అందరూ అనుకునే గంట కాకపోవచ్చు: బడులున్న రోడ్డులో ఎనిమిదింపావుకే శిఖరానికి చేరి తొమ్మిదిన్నరకు సగమైపోతుంది, ఆఫీసులున్న రోడ్డులో పది గంటలకు గానీ మొదలు కాదు.

లెక్కపెట్టడం

నాలుగు దారుల కూడలికి ఎనిమిది మంది కావాలి, దారికి ఇద్దరు. ఒకరు ద్విచక్ర వాహనాలనూ ఆటోలనూ, మరొకరు మిగిలినవాటినీ చూస్తారు. కాగితం మీద ఎడమకు, తిన్నగా, కుడికి, వెనక్కి అని నాలుగు గడులు గీసి, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డగీతగా కొట్టుకుంటూ పోతే సరిపోతుంది. మేడ మీద నుంచి వీడియో తీసుకుని తర్వాత ఇంట్లో కూర్చుని లెక్కపెట్టడం ఇంకా నయం. ఆ మేడ వారి అనుమతి తీసుకోండి, ట్రాఫిక్ స్టేషనులో సీఐకి ముందుగా ఒక ఉత్తరం ఇచ్చి ఉంచండి. కాలేజీ పిల్లలను పెట్టుకుంటే గంటకోసారి మనుషులను మార్చాలి, లేకపోతే రెండో గంటకల్లా ఆటోలు స్కూటర్లుగా మారిపోతాయి.

ఐదో గడి ఒకటి అదనంగా గీయండి: రాంగ్ రూట్. ఎదురుగా వచ్చే బండిని చూసి తిట్టుకోవడం మన అలవాటు, కానీ ఒకే చోట గంటకు వందలకొద్దీ అలా వస్తుంటే యూ టర్న్ వాళ్లకు మరీ దూరమైందని అర్థం. డివైడర్ మూసినప్పుడు ఆ బండ్లు ఎటు పోతాయో ఎవరూ ఆలోచించలేదన్నమాట. రాంగ్ రూట్ గడిలోని అంకె, తర్వాతి యూ టర్న్ ఎన్ని మీటర్ల దూరంలో ఉందన్న అంకె పక్కపక్కన రాసి ఇస్తే ఇంజినీరుకు విషయం తెలిసిపోతుంది.

ఇక్కడ ఒక సాంకేతికమైన జాగ్రత్త ఉంది, కొత్తగా చేసేవారంతా ఇందులో పడతారు. సిగ్నల్ దగ్గర స్టాప్ లైన్ వద్ద నిలబడి లెక్కపెడితే మీకు తెలిసేది ఎన్ని బండ్లు దాటగలిగాయన్నది మాత్రమే. ఎన్ని దాటాలని వచ్చాయన్నది కాదు. క్యూ పెరుగుతున్న గంటలో ఈ రెండింటికీ పెద్ద తేడా ఉంటుంది. అందువల్ల ఒక మనిషిని క్యూ తోక దాటి వెనక నిలబెట్టి అక్కడ వచ్చే బండ్లను లెక్కపెట్టించాలి, లేదా ప్రతి పదిహేను నిమిషాల మొదట్లోనూ చివరలోనూ క్యూలో ఉన్న బండ్లను లెక్కపెట్టి ఆ తేడాను దాటినవాటికి కలపాలి.

బండ్లను ఒకే కొలతలోకి మార్చడం

స్కూటరూ లారీ ఒకటిగా లెక్కిస్తే కుదరదు గనుక, అన్నింటినీ కారుతో పోల్చి ఒక కొలతలోకి తెస్తారు. దీన్నే పీసీయూ (ప్యాసింజర్ కార్ యూనిట్) అంటారు. నగర రోడ్ల సామర్థ్యం మీద, దేశంలో రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో ఇచ్చిన 106వ నంబరు మార్గదర్శకంలో ఈ విలువలు ఉన్నాయి. మొత్తం బండ్లలో ఒక రకం వాటా 5 శాతం లోపు ఉంటే ఒక విలువ, 10 శాతం దాటితే మరొకటి: ద్విచక్ర వాహనానికి 0.5 లేదా 0.75, ఆటోకు 1.2 లేదా 2.0, తేలికపాటి సరుకు బండికి 1.4 లేదా 2.0, బస్సుకూ లారీకీ 2.2 లేదా 3.7, ట్రాక్టరు ట్రాలీకి 4 లేదా 5, సైకిలుకు 0.4 లేదా 0.5. కారు ఎప్పుడూ 1.

ఒక ఊహా ఉదాహరణతో చేసి చూద్దాం. ఒక దారిలో పదిహేను నిమిషాల్లో 260 ద్విచక్ర వాహనాలు, 90 ఆటోలు, 80 కార్లు, 12 బస్సులు, 6 లారీలు, 10 ట్రక్ ఆటోలు, 12 సైకిళ్లు వచ్చాయనుకోండి. మొత్తం 470. ద్విచక్ర వాహనాల వాటా సగం పైనే కాబట్టి 0.75 చొప్పున 195; ఆటోలు 10 శాతం దాటాయి కాబట్టి 2 చొప్పున 180; కార్లు 80; బస్సులూ లారీలూ కలిపి 5 శాతం లోపే కాబట్టి 2.2 చొప్పున సుమారు 40, ట్రక్ ఆటోలను తేలికపాటి సరుకు బండ్లుగా తీసుకుంటే 14, సైకిళ్లు 5. మొత్తం సుమారు 513, అంటే గంటకు 2,050 పైచిలుకు. ఇదే మార్గదర్శకం ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల ప్రధాన రోడ్డుకు రెండు వైపులా కలిపి గంటకు 3,600 పీసీయూ దాకా సౌకర్యంగా నడుస్తుందని లెక్క, ఒక వైపుకు 1,800. మన ఉదాహరణలోని రోడ్డు దాన్ని దాటింది.

అంతటితో ఆగకండి. అవే బండ్లలో మనుషులెందరో కూడా రాయండి. బస్సులో 40 మంది, స్కూటరు మీద ఒకటిన్నర, ఆటోలో ముగ్గురు, కారులో ఇద్దరు చొప్పున తీసుకుంటే, పై ఉదాహరణలో మొత్తం ప్రయాణికులు 1,300 చిల్లర, అందులో 480 మంది ఆ పన్నెండు బస్సుల్లోనే ఉన్నారు. రోడ్డులో ఆ బస్సులు తీసుకున్న చోటు ఇరవయ్యో వంతు. మీ కూడలిలో నిజంగా ఎంతమంది ఎక్కుతున్నారో కొన్ని బండ్లను చూసి మీ సగటు మీరే వేసుకోండి. రోడ్డు స్థలాన్ని బండ్లకు కాక మనుషులకు పంచాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం చెబుతుంది. ఆ మాటను వినతిపత్రంలో ఎత్తి రాయడం కంటే ఈ 480 లాంటి అంకెను చూపడం మేలు.

ఎంత వెడల్పు మిగిలింది

నా దృష్టిలో మొత్తం సర్వేలో విలువైన భాగం ఇదే, దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. కూడలికి ఇటు యాభై, అటు యాభై మీటర్ల మేర అడ్డంకుల పట్టీ ఒకటి రాయాలి: ఏ వేళకు, ఏ స్తంభం దగ్గర, ఏది ఆగింది, ఎంతసేపు, ఎన్ని మీటర్ల వెడల్పు పోయింది. సిగ్నల్ దాటగానే ఉన్న బస్టాపును గమనించండి. బస్సు కోసం కేటాయించిన చోట ఐదు షేర్ ఆటోలు వరుసగా నిలబడి ఉంటాయి, ముందున్న ఆటో డ్రైవరు బయటకు తల పెట్టి ఊరి పేర్లు పిలుస్తుంటాడు. బస్సు వచ్చి, లోపలికి పోయే వీలు లేక రెండో వరుసలోనే ఆగుతుంది. దిగేవాళ్లు ఆటోల మధ్య సందుల్లోంచి ఫుట్‌పాత్ చేరుకోవాలి, ఎక్కేవాళ్లు అదే సందులోంచి ఎదురు రావాలి. బస్సుకూ ఆటోలకూ నడుమ మిగిలిన మూడడుగుల్లోంచి బైకులు దూరుతాయి గనుక జనం ఆగి ఆగి కదులుతారు, పది సెకన్లలో తెమలాల్సిన బస్సు అర నిమిషం దాటినా కదలదు. ఈలోగా వెనక ఆకుపచ్చ దీపం వెలిగే ఉంటుంది, కానీ బండ్లు పోవడానికి చోటుండదు. బయటినుంచి చూసేవారు దీన్ని సిగ్నల్ లోపం అనుకుంటారు.

దీన్ని అంకెల్లో పెట్టవచ్చు. సిగ్నల్ దగ్గర ఒక దారి వెడల్పు మీటర్లలో ఎంతో చూసి 525తో గుణిస్తే, గంట పొడవునా ఆకుపచ్చ వెలిగి ఉంటే ఎన్ని పీసీయూలు దాటగలవో వస్తుంది. వెడల్పు ఐదున్నర మీటర్లు మించిన దారులకు ఇది వర్తిస్తుంది. 9 మీటర్ల దారికి 4,725. సిగ్నల్ అన్ని దారులకూ ఒక చుట్టు తిరిగే మొత్తం సమయం, అంటే చక్రం, 120 సెకన్లయితే అందులో ఆ దారికి 50 సెకన్లు ఆకుపచ్చ ఉంటే, గంటకు 1,969. అందులో ఆటోలు రెండు మీటర్లు ఆక్రమిస్తే మిగిలేది 7 మీటర్లు, అప్పుడు 1,531. మన ఉదాహరణలో వచ్చేవి 2,054 కాబట్టి, మొదటి స్థితిలో గంటకు 85 మిగిలిపోతాయి, రెండో స్థితిలో 520 దాటి మిగిలిపోతాయి. సిగ్నల్ రూపకల్పనకు ఇంజినీర్లు వేరే పీసీయూ విలువలు వాడతారు కాబట్టి ఇది స్థూలమైన పోలికే. కానీ రెండు మీటర్ల ఖరీదు ఎంతో చెప్పడానికి ఇది చాలు.

ఆలస్యం, క్యూ

క్యూ కొలవడం తేలిక: ప్రతి ఎరుపు ముగిసే క్షణానికి చివరి బండి ఏ స్తంభం దగ్గర ఉందో రాయాలి, ఒక ఆకుపచ్చలో దాటలేక మళ్లీ ఆగిన బండ్లు ఉంటే గుర్తు పెట్టాలి. ఆలస్యం కొలవడానికి కొద్దిగా ఓపిక కావాలి. నిర్ణీత వ్యవధికొకసారి, కదలకుండా నిలబడి ఉన్న బండ్లెన్నో లెక్కపెట్టాలి. ఆ వ్యవధి సిగ్నల్ చక్రాన్ని నిశ్శేషంగా భాగించేది కాకూడదు; 120 సెకన్ల చక్రానికి 15 సెకన్లు పెట్టుకుంటే ప్రతిసారీ అవే క్షణాలు పట్టుబడతాయి, కాబట్టి 13 సెకన్లు పెట్టుకోండి. పదిహేను నిమిషాల్లో అలా చూసిన అన్నిసార్లలోనూ ఆగిన బండ్ల మొత్తం 2,000 వచ్చిందనుకుంటే, దాన్ని 13తో గుణించి, ఆ సమయంలో దాటిన 470 బండ్లతో భాగిస్తే బండికి సగటున 55 సెకన్లు నిలుపుదల.

నడిచేవారి లెక్క మరిచిపోవద్దు. గంటకు రోడ్డు దాటే మనుషుల సంఖ్యను, బండ్ల సంఖ్య వర్గంతో గుణించగా వచ్చేది డివైడర్ లేని రోడ్డుకు 10 కోట్లు, డివైడర్ ఉన్న రోడ్డుకు 20 కోట్లు మించితే అక్కడ దాటే ఏర్పాటు అవసరమని రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. 300 మంది, 1,800 బండ్లు ఉంటే చాలు, 97 కోట్లు దాటుతుంది. మనిషి నడక సెకనుకు 1.2 మీటర్లుగా తీసుకుంటారు, అంటే 24 మీటర్ల రోడ్డు దాటడానికి 20 సెకన్లు. మీ సిగ్నల్‌లో నడిచేవారికి అన్ని సెకన్లు ఇస్తున్నారా అన్నది గడియారం పట్టుకుని చూడండి. ఇవ్వకపోతే, మధ్యలో డివైడర్ దగ్గర నిలబడే చోటైనా కావాలి.

ఊరి బండ్లెన్ని, దాటిపోయేవెన్ని

మీ కూడలి రహదారి మీద ఉంటే ఈ అడుగు తప్పనిసరి. బండి నంబరు చూసి ఏ జిల్లాదో చెప్పే రోజులు పోయాయి. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 మొదలైంది. అందువల్ల రెండు చోట్ల మనుషులను పెట్టాలి, ఉదాహరణకు రామవరప్పాడు రింగు దగ్గర ఒక జట్టు, వారధి మొదట్లో ఒక జట్టు. అన్ని బండ్లూ రాయలేరు గనుక తెల్ల కార్లు మాత్రమే, లేదా లారీలు మాత్రమే అని నియమం పెట్టుకుని చివరి నాలుగు అంకెలూ సమయమూ రాయండి. రెండో జట్టు మొదటి జట్టు కంటే పావుగంట ఆలస్యంగా మొదలుపెట్టి ఆలస్యంగా ముగించాలి. సరిపోలిన నంబర్ల వాటా దాటిపోయే ప్రయాణాల వాటా. రెండు సమయాల తేడా ప్రయాణ సమయం. మధ్యలో ఆగి టీ తాగిన బండి గంట చూపిస్తుంది, అలాంటివి తీసేయండి. పని అయిపోగానే నంబర్ల కాగితాలు చింపేయాలి, అవి ఎవరికీ ఇవ్వాల్సినవి కావు.

ఈ వాటా ఎందుకంటే, బైపాస్ గానీ ఫ్లైఓవర్ గానీ ఉపయోగపడేది దాటిపోయే బండ్లకు మాత్రమే. పడమటి బైపాస్ చిన్న అవుటపల్లి నుంచి గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ దగ్గర 16వ నంబరులో కలిసేలా రూపొందింది. చెన్నై నుంచి విశాఖ పోయే లారీకి అది వరం, బెంజి సర్కిల్ నుంచి ఆటోనగర్ పోయే మనిషికి దానితో నేరుగా పని లేదు. బెంజి సర్కిల్‌లోనే చూడండి: 2020లో మొదటి ఫ్లైఓవర్, ఆ తర్వాత రెండోది వచ్చాయి. గుంటూరు–ఏలూరు దిశల్లో తిన్నగా పోయేవి పైకెక్కాయి, బందరు రోడ్డు బండ్లు, మలుపు తిరిగేవి, నడిచేవారు కిందనే ఉండిపోయారు. అది ఫ్లైఓవర్ తప్పు కాదు, అది చేయగల పని అంతే. అన్ని దారులూ కలిపి గంటకు 10,000 పీసీయూ దాటిన కూడళ్లకు పైవంతెన ఆలోచించవచ్చని ప్రమాణం ఉంది. మీ లెక్క ఆరేడు వేల దగ్గర ఉంటే ఆ కోరికను పక్కన పెట్టడమే గౌరవం.

ఏం అడగాలి

చవకైనవి, వారంలో తీసి మళ్లీ పెట్టగలిగినవి ముందు అడగండి. ఆటోలు ఆగే చోటును కూడలి దాటాక 60, 70 మీటర్ల అవతలికి జరపడం. బస్టాపును సిగ్నల్‌కు ముందు కాక దాటిన తర్వాత ఉంచి, దాని ముందు ఆటోలు నిలవకుండా గొలుసు స్తంభాలు పెట్టడం. ఫ్రీ లెఫ్ట్ దారిని తిన్నగా పోయే బైకులు మూసేయకుండా చిన్న దిమ్మెలతో విడదీయడం. చెరిగిపోయిన స్టాప్ లైన్‌నూ జీబ్రానూ మళ్లీ గీయించడం. ఉదయానికి ఒక సిగ్నల్ వేళ, సాయంత్రానికి మరొకటి, రాత్రికి మూడోది కావాలనడం కూడా ఈ కోవలోదే. చక్రాన్ని పొడిగించమని మాత్రం తొందరపడి అడగవద్దు. ప్రతి మార్పుకూ మూడు నాలుగు సెకన్లు వృథా అవుతాయి గనుక చక్రం మరీ చిన్నదైనా నష్టమే, కానీ మరీ పొడవైతే క్యూ వెనక కూడలిని మూసేస్తుంది, ఆగి ఆగి విసిగినవాళ్లు ఎరుపు మీదే దూకుతారు.

వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టూ ఉన్నవారికి వేరే సలహా: అక్కడ చిక్కు సరుకు దించే బండ్లది. ఎన్ని బండ్లు ఏ వేళకు ఎంతసేపు ఆగి దించుతున్నాయో ఒక రోజు రాసి, వర్తకులతో కూర్చుని దించే వేళలు మాట్లాడుకోండి. పోలీసు ఉత్తర్వు ఆ తర్వాతి సంగతి.

ఆటో స్టాండ్ జరపమనే ముందు ఆటోవాళ్లతో తప్పక మాట్లాడాలి. వాళ్లు మూల మీద నిలబడేది మొండితనంతో కాదు, దిగినవాళ్లు అక్కడే ఉంటారు కాబట్టి. ప్రయాణికులు నడిచే దారిని, నీడను, బస్సు ఆగే చోటును కలిపి జరిపితే ఆటోలు వెంట వస్తాయి. స్టాండును మాత్రమే జరిపితే కానిస్టేబుల్ అటు తిరగగానే వెనక్కి వచ్చేస్తాయి. యూనియన్ పెద్దల సంతకం కూడా మీ కాగితం మీద ఉంటే మంచిది.

ముందు ప్లాస్టిక్ డ్రమ్ములూ తాడూ కట్టి రెండు వారాలు ప్రయోగం చేయమని, ఫలితం చూసి కాంక్రీటు వేయమని అడగండి. ప్రయోగానికి ఒప్పుకోవడం అధికారికి తేలిక, విఫలమైతే డ్రమ్ములు తీసేస్తారు.

కాగితం ఎలా ఉండాలి, ఎవరికి ఇవ్వాలి

ఒక పేజీ ఉత్తరం, ఒక పటం, మూడు పట్టికలు, నాలుగు ఫొటోలు. అంతకు మించితే చదవరు. ఫొటోల్లో బండి నంబర్లూ ముఖాలూ కనబడకుండా చూసుకోండి. ఏ శాఖకు ఇచ్చే ఉత్తరంలో ఆ శాఖ చేయగల పనినే అడగాలి. అందరికీ ఒకే ఉత్తరం ఇస్తే ఒకరు మరొకరి వైపు చూపించడానికి మీరే దారి వేసినట్లు. పటమూ పట్టికలూ మాత్రం అందరికీ ఒకటే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి రసీదు తీసుకోండి. కలెక్టరు అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది, పోలీసు, రహదారి, రవాణా శాఖలు ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు అదే కాబట్టి, మీ కూడలిని ఆ కమిటీ ఎజెండాలో చేర్చమని విడిగా కోరండి. ప్రమాదాలు జరుగుతున్న చోటైతే ఆ సంగతి మొదటి వాక్యంలోనే ఉండాలి. జాతీయ రహదారి మీద ఆగిపోయిన లారీ, ప్రమాదం వంటి తక్షణ విషయాలకు 1033కు ఫోను చేయాలి, దానికి వినతిపత్రం దారి కాదు.

సిగ్నల్ వేళల పట్టిక, కూడలి డిజైను పటం వంటివి మీకు ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. జిల్లా స్థాయి కార్యాలయానికి రుసుము పది రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. ప్రశ్న చిన్నదిగా, ఒక పత్రం కోరుతూ ఉండాలి. ఎందుకు చేయలేదని అడిగితే సమాధానం రాదు, ఆ చట్టం ఉన్నది ఉన్న కాగితాల కోసం.

మార్పు జరిగిన మూడో వారంలో అదే రోజు, అదే వేళ, అదే మనుషులతో మళ్లీ లెక్క తీయండి. మొదటి వారం అంకెలను నమ్మవద్దు, అప్పటికి జనం ఇంకా పాత దారి వెతుక్కుంటూ ఉంటారు, కానిస్టేబులూ హోంగార్డూ అక్కడే నిలబడి ఉంటారు. మూడు నెలలకు ఇంకోసారి చూడాలి. అడ్డంకులు తీశాక రోడ్డు సాఫీగా ఉందని తెలిసి పక్క రోడ్ల బండ్లు ఇటు తిరగడం మామూలే, అప్పుడు బండ్ల సంఖ్య పెరిగి ఆలస్యం మాత్రం తగ్గిందా అన్నది విడిగా రాయాలి. రెండో లెక్కలో ఫలితం బాగా లేకపోతే దాన్నీ అలాగే అదే అధికారికి పంపండి, ఏ అడ్డంకి ఎక్కడికి జరిగిందో పటం మీద గుర్తుపెట్టి.